ఫ్రీగా వస్తుంటే కొనడమెందుకు?

2018 అక్టోబరు నెలాఖరున ఐబీఎం ఓ పెద్ద బేరం కుదుర్చుకుంది. రెడ్‌హ్యాట్ అనే కంపెనీని 3,400 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అప్పటి మారకం రేటు ప్రకారం రెండున్నర లక్షల కోట్ల రూపాయలకు కాస్త అటూఇటూ. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన మొత్తం బడ్జెట్టే 1.91 లక్షల కోట్లు! ఇంత సొమ్ము పోసి కొన్న ఆ కంపెనీ అమ్మే సరుకేమిటయ్యా అంటే... లినక్స్. కంప్యూటరును నడిపించే ఆపరేటింగ్ సిస్టం. ఇంట్లో నెట్ కనెక్షనున్న ఏ కుర్రాడైనా పైసా కట్టకుండా దింపుకోగల సాఫ్ట్‌వేరు. ఊరుమ్మడి చెరువులో నీళ్లు ముంచి అమ్ముకునేవాడి కొట్టును కోట్లు పోసి కొన్నట్టుంది వ్యవహారం. ఐబీఎం తరఫున ఈ బేరంలో కీలకపాత్ర మన తెలుగువాడిదే. పశ్చిమ గోదావరి జిల్లా మూలాలున్న అరవింద్ కృష్ణ. 2020 ఏప్రిల్‌లో ఆయన ఐబీఎంకే సీఈఓ అయ్యారు.

ఐబీఎంకి లెక్కలు రాక కాదు. ఆ చెరువు నీళ్లకే రెడ్‌హ్యాట్ 2012 ఫిబ్రవరితో ముగిసిన ఏడాదిలో వంద కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది. కట్టినవాళ్లు అమాయకులు కారు. బ్యాంకులు, ఫోన్ కంపెనీలు, స్టాక్ ఎక్స్ఛేంజీలు. పెన్ను కొనాలన్నా మూడు కొటేషన్లు అడిగే రకం. మరి వాళ్లెందుకు కట్టినట్టు?

సమాధానం రెడ్‌హ్యాట్ ధరల పట్టికలోనే ఉంది. ఒక సర్వరుకు ఏడాది చందా చాలాకాలంపాటు మూడు రకాలుగా ఉండేది. 349 డాలర్లు, 799 డాలర్లు, 1,299 డాలర్లు. మూడింటిలోనూ సాఫ్ట్‌వేరు అదే. అందులో అక్షరం కూడా తేడా లేదు. 349 కట్టినవాడికి మరమ్మతులు, అప్‌డేట్లు అందుతాయి కానీ చిక్కొస్తే వాడి తంటాలు వాడు పడాలి. 799 కట్టినవాడు ఆఫీసు వేళల్లో ఫోను చెయ్యొచ్చు. 1,299 కట్టినవాడికి సర్వరు పూర్తిగా కుప్పకూలితే అర్ధరాత్రయినా, ఆదివారమైనా గంటలోపు ఇంజినీరు పలకాలి. అంటే మొదటి ధరకీ మూడో ధరకీ మధ్య ఉన్న 950 డాలర్లు సాఫ్ట్‌వేరు ఖరీదు కాదు. ఫోనెత్తే మనిషి ఖరీదు.

నిజానికి ఒకప్పుడు సాఫ్ట్‌వేరుకు విడిగా ధరే ఉండేది కాదు. ఐబీఎం కంప్యూటరు ఇస్తే ప్రోగ్రాములూ, వాటిని నడిపించి చూపించే మనుషులూ దాంతోపాటే వచ్చేవారు, మంచం కొంటే నవారు వచ్చినట్టు. 1969 జూన్‌లో ఐబీఎం ఆ పద్ధతికి స్వస్తి పలికి వేటి ధర వాటికి కడతామంది. సాఫ్ట్‌వేరు ఓ వ్యాపారంగా నిలబడటానికి దారి తీసింది అదే. ఆ తర్వాత బిల్ గేట్స్ వచ్చి కాపీ కొట్టడం దొంగతనమన్నాడు. రిచర్డ్ స్టాల్‌మన్ వచ్చి పంచుకోనివ్వకపోవడమే తప్పన్నాడు. ఆ పోట్లాట నలభై ఏళ్లు దాటినా తెగలేదు. కంపెనీల కొనుగోళ్ల విభాగంలో మాత్రం ఆ ధర్మచర్చ ఎవరూ చెయ్యరు. అక్కడ అడిగే ప్రశ్న ఒకటే. రాత్రి రెండింటికి ఇది ఆగిపోతే ఎవరిని లేపాలి?

నీ తప్పంటే నీ తప్పు

నెలాఖరు రాత్రి ఓ బ్యాంకులో ఏం జరుగుతుందో ఊహించుకోండి. తెల్లారితే జీతాలు పడాలి. కంప్యూటర్లన్నీ ఊపిరి బిగబట్టి పనిచేస్తుంటాయి. కింద సర్వరు ఒకరిది. దానిమీద ఆపరేటింగ్ సిస్టం మరొకరిది. ఆపైన డేటాబేస్ ఇంకొకరిది. అన్నిటికీ పైన ఖాతాలు చూసే బ్యాంకింగ్ సాఫ్ట్‌వేరు వేరొకరిది. ఏదో ఒకచోట మొరాయించింది. డేటాబేస్ వాళ్లకు ఫోను చేస్తే 'మీ ఆపరేటింగ్ సిస్టం చూసుకోండి' అంటారు. వాళ్లకు చేస్తే సర్వరు మీదికి తోస్తారు. వియ్యాలవారి గొడవలో ఇరుక్కున్న పెళ్లిపెద్దలా నిలబడాలి బ్యాంకు ఐటీ మేనేజరు.

అందుకే ఈ కంపెనీలు 'సర్టిఫికేషన్' అనే ఏర్పాటు చేసుకున్నాయి. ఫలానా డేటాబేస్ ఫలానా లినక్స్ మీద నడుస్తుందని ఇద్దరూ కలిసి పరీక్షించి పూచీ పడతారు. ఆ జాబితాలో లేని లినక్స్ వేసుకున్నారనుకోండి, అది ఎంత చక్కగా పనిచేస్తున్నా, చిక్కొచ్చిన రోజున 'ముందు మేము ఒప్పుకున్న సిస్టం మీద నడిపి చూపించండి, తర్వాత మాట్లాడదాం' అంటారు. చందా సొమ్ములో సింహభాగం ఈ ఒక్క మాట వినాల్సిన అవసరం లేకుండా చేసుకోవడానికే అనుకున్నా తప్పులేదు.

ఆగిపోతే పోయేది ఆ గంట వ్యాపారం ఒక్కటే కాదు. 2020 డిసెంబరులో రిజర్వు బ్యాంకు హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకును కొత్తగా క్రెడిట్ కార్డు ఖాతాదారులను చేర్చుకోవద్దని ఆదేశించింది. ఆన్‌లైన్ సేవలు పదేపదే ఆగిపోవడమే కారణం. దేశంలోనే అత్యధికంగా క్రెడిట్ కార్డులు ఇచ్చే బ్యాంకు అది. కార్డుల మీద ఆంక్ష ఎత్తేసింది 2021 ఆగస్టులో, మిగతావి 2022 మార్చిలో. బయటివాళ్లకు పని అప్పగించినా ఖాతాదారు ముందు బాధ్యత బ్యాంకుదేనని 2023 ఏప్రిల్ నాటి ఆదేశాల్లో రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. నెత్తిన ఇలాంటి కత్తి వేలాడుతుంటే 1,299 డాలర్లు ఓ లెక్కా?

ఆ ఫోనెత్తేది ఎక్కడివాళ్లో కూడా తెలుసుకోవాలి. అమెరికాలో పగలు, మనకు రాత్రి. హైదరాబాద్ హైటెక్ సిటీలో, గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టుకు వెళ్లే క్యాబుల్లో కూర్చునే పిల్లల్లో చాలామంది చేసేది ఇదే పని. ఎక్కడో ఏ చికాగోలోనో మొరాయించిన సాఫ్ట్‌వేరుకు ఇక్కడినుంచి వైద్యం. సాఫ్ట్‌వేరు ఉద్యోగం అనగానే అందరికీ కొత్త ప్రోగ్రాములు రాయడమే గుర్తొస్తుంది కానీ, రాసినదాన్ని నిలబెట్టే పని మీద బతుకుతున్న ఇళ్లు తెలుగునాట తక్కువేం కాదు. కంపెనీలు కట్టే చందాలో కొంత ఆ పిల్లల జీతాలుగా మన ఊళ్లకు చేరుతోంది.

దసరా మొదటి రోజున

ఇదంతా పెద్దోళ్ల గొడవ, మనకెందుకు అనుకోనక్కర్లేదు. విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్టుకీ ఇదే లెక్క.

మనదేశంలో కొట్టు లెక్కలంటే ట్యాలీ. బెంగళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా అనే ఆయన జౌళి మిల్లులకు విడిభాగాలు గట్రా సరఫరా చేసేవారు. తన లెక్కలకు సరిపడే సాఫ్ట్‌వేరు దొరక్క, గణితం చదివిన కొడుకు భరత్‌ని రాయమన్నారు. 1986లో మొదలైన ఆ పనే ట్యాలీ అయింది. 2020లో భరత్ గోయెంకాకు పద్మశ్రీ కూడా వచ్చింది. మండల కేంద్రాల్లో సైతం 'ట్యాలీ నేర్పబడును' బోర్డులు వెలిశాయి. 'ట్యాలీ వచ్చిన అకౌంటెంటు కావలెను' అనే ప్రకటన చూడని నిరుద్యోగి ఉండడు. కాపీ సీడీలతో ఏళ్లతరబడి నెట్టుకొచ్చిన కొట్లకూ లెక్కలేదు. లెక్కలు తప్పుల్లేకుండా వస్తున్నప్పుడు లైసెన్సుకు డబ్బెందుకు తగలెయ్యాలన్నది వాళ్ల వాదన. వ్యాపారి బుర్రకు అది సబబుగానే తోస్తుంది మరి.

ఆ వాదనను గట్టి దెబ్బ కొట్టింది పోలీసులు కాదు, పన్ను చట్టం. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. 2018 ఏప్రిల్‌లో రాష్ట్రాల మధ్య సరుకు రవాణాకు ఈ-వే బిల్లు తప్పనిసరైంది. ఆపై ఈ-ఇన్వాయిస్. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటినవాళ్లకని మొదలుపెట్టి, వంద కోట్లు, యాభై, ఇరవై, పది అని మెట్టు మెట్టు దిగుతూ 2023 ఆగస్టుకల్లా ఐదు కోట్ల దాకా వచ్చేసింది. ప్రతి మెట్టులోనూ ఎవరో ఒకరి సాఫ్ట్‌వేరు మారాల్సిందే.

ఇక 2025 సెప్టెంబరు 22 సంగతి చూడండి. అది దేవీ నవరాత్రుల మొదటి రోజు. బట్టల కొట్టుకు అంతకుమించిన సీజను లేదు. సరిగ్గా ఆరోజే జీఎస్టీ రేట్లు మారాయి. ముందురోజు రాత్రి దాకా 1,800 రూపాయల చొక్కా మీద 12 శాతం పన్ను. తెల్లారేసరికి 5 శాతం. మూడు వేల చొక్కా మీద 12 శాతం కాస్తా 18 అయింది. అంతకుముందు వెయ్యి రూపాయల దగ్గరున్న గీత 2,500కి జరిగింది. కొట్టు నిండా జనం, కౌంటరు ముందు క్యూ. ఆ ఉదయం బిల్లు తప్పు పడితే కొన్నవాడితో తగవు, రిటర్నులో తేడా, ఆపై నోటీసు. చందా కట్టినవాడికి కొత్త రేట్లకు తగ్గ మార్పులు కంపెనీయే పంపుతుంది, సందేహమొస్తే అడగడానికి డీలరుంటాడు. కాపీ సీడీవాడు ఎవరిని అడగాలి? ఆ సీడీ ఇచ్చిన కుర్రాడు ఈపాటికి ఏ దుబాయ్‌లోనో ఉంటాడు.

అంటే ఆ వ్యాపారి కొంటున్నది కూడికలూ తీసివేతలూ చేసే యంత్రాన్ని కాదు. చట్టం ఎటు తిరిగితే అటు తిరిగే పనిమనిషిని కొంటున్నాడు. దానికితోడు, గుమాస్తా మానేసినా వారంలో మరొకడు దొరుకుతాడన్న ధీమా. ఊరూరా నేర్చుకున్నవాళ్లున్న సాఫ్ట్‌వేరుకు ఆ విలువ వేరు. ఎంత గొప్పదైనా, ఎంత ఉచితమైనా, వాడటం తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే ఉంటే వాడి పెళ్లికి కూడా సెలవివ్వలేం.

కంపెనీల చట్టం కింద రిజిస్టరైన సంస్థలకు 2023 ఏప్రిల్ 1 నుంచి మరో నిబంధన వచ్చింది. లెక్కల సాఫ్ట్‌వేరులో ఎవరు ఏ పద్దును ఎప్పుడు దిద్దారో జాడ ఉండాలి. ఆ జాడను ఆపేసే వీలు ఉండకూడదు. ఉందో లేదో ఆడిటరు తన నివేదికలో రాయాలి. సాఫ్ట్‌వేరు తాళంచెవి ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉంటే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న బద్దలైన సత్యం కుంభకోణంలో సీబీఐ తేల్చిన నకిలీ ఇన్వాయిస్‌లు 7,561. కంపెనీ ఇన్వాయిస్ వ్యవస్థలోకే 'సూపర్ యూజర్' దారిలో చొరబడి వాటిని చేర్చారని, మిగతా విభాగాల కంటపడకుండా దాచారని అభియోగం. సొంతంగా రాయించుకున్న ప్రోగ్రామైనా కొత్త నిబంధన పాటించొచ్చు, అభ్యంతరం లేదు. కానీ అది పాటిస్తోందని ఆడిటరును నమ్మించే భారం సొంతదారు మీదే పడుతుంది. వేలమంది వాడుతున్న సరుకైతే ఆడిటరు అన్ని ప్రశ్నలు వెయ్యడు.

డబ్బు కడితే నష్టం భరిస్తారా?

చాలామంది అనుకునేది ఇదే. డబ్బు పుచ్చుకున్నవాడు నష్టమొస్తే పూడుస్తాడని. ఒప్పందం చదివితే ఆ భ్రమ తొలగిపోతుంది. ఉచిత సాఫ్ట్‌వేరు లైసెన్సులో 'ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏం జరిగినా మాకు సంబంధం లేదు' అని ఉంటుంది. డబ్బిచ్చి కొన్నవాటిలో కూడా చాలావరకు అదే సంగతి, కాస్త ఖరీదైన భాషలో.

2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయంలో ఇండిగో సిబ్బంది ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. ఆ కాగితం ఫొటో దేశమంతా తిరిగింది. కారణం, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఓ తప్పుడు అప్‌డేట్. ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర వేసుకుని కూర్చున్నాయి. ఇది ఫ్రీ సరుకు కాదు, కంపెనీలు బాగా డబ్బు పోసి కొన్నదే. అమెరికాలో డెల్టా ఎయిర్‌లైన్స్ అయిదు రోజుల్లో దాదాపు 7,000 విమానాలు రద్దు చేసుకుని, 50 కోట్ల డాలర్లు నష్టపోయామని లబోదిబోమంది. కోర్టుకెక్కింది. ఒప్పందం ప్రకారం మా బాధ్యత కోటి డాలర్ల లోపేనని క్రౌడ్‌స్ట్రైక్ లాయర్లు ముందే లేఖ రాశారు.

మరి కట్టి ఏం లాభం? పంపిన 78 నిమిషాల్లో ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకున్నారు. బాగుచేసే విధానం ప్రకటించి, మనుషుల్ని పంపారు. అప్పటికే పడిపోయిన కంప్యూటర్లను ఒక్కొక్కటీ చేత్తోనే లేపాల్సి వచ్చిందనుకోండి, అది వేరే కథ. నష్టపరిహారం రాకపోయినా ఫోనెత్తారు, అంతే. కంపెనీలకు కావలసింది చాలావరకు అదే. మేనేజరుకైతే ఇంకో సౌకర్యం కూడా. పేరున్న సరుకు కొని దెబ్బతింటే 'వాళ్లే అంత పని చేశారు, నన్నేం చెయ్యమంటారు?' అనొచ్చు. ఉచితం తెచ్చి దెబ్బతింటే ఆ మాట అనడానికి నోరు రాదు. ఐబీఎం కొన్నందుకు ఎవరి ఉద్యోగమూ ఊడలేదని ఈ రంగంలో పాత సామెత ఒకటుంది. హాస్యానికి పుట్టినా, కొనుగోళ్ల కమిటీల్లో అది ఇప్పటికీ సీరియస్‌గానే పనిచేస్తోంది.

ఎవరూ కట్టకపోతే ఏమవుతుందో 2014 ఏప్రిల్‌లో ప్రపంచం చూసింది. బ్రౌజరులో తాళం బొమ్మ కనిపిస్తుందే, దాని వెనక లక్షల సర్వర్లలో పనిచేసే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో పెద్ద కన్నం బయటపడింది. హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టారు. దాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లెవరా అని ఆరా తీస్తే, పూర్తికాలం పనిచేసేది ఒకే ఒక్కడు. ఏడాదికి వచ్చే విరాళాలు రెండు వేల డాలర్లు. దాని మీద కోట్లు గడిస్తున్న కంపెనీలు సిగ్గుపడ్డాయో, భయపడ్డాయో... గూగుల్, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్ లాంటివి నెలలోపే ఓ నిధి ఏర్పాటుచేసి తలా ఏడాదికి లక్ష డాలర్ల చొప్పున మూడేళ్లు ఇస్తామన్నాయి. భయమే అయ్యుంటుంది.

దిగడం తేలిక, ఎక్కడమే కష్టం

కట్టడం మొదలుపెట్టాక మానడం మాత్రం అంత సులువు కాదు. మన ఊళ్లో డీటీపీ సెంటర్లనే చూడండి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో. అయినా శుభలేఖలు, కరపత్రాలు అందులోనే చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. అను ఫాంట్లతో ఏళ్లుగా కొట్టిన తెలుగు ఫైళ్లన్నీ అందులో ఉండిపోయాయి మరి. ఇక్కడ కట్టేసింది లైసెన్సు కాదు, పాత ఫైళ్లూ అలవాటు పడిన వేళ్లూను.

పెద్ద కంపెనీల దగ్గర ఈ కట్టు మరీ గట్టిది. అమ్మేవాడికి ఆ సంగతి తెలుసు. ఒకే సర్వరును పది సర్వర్లలా పనిచేయించే వీఎంవేర్ సాఫ్ట్‌వేరును బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో కొంది. మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి, ఇకమీదట చందాయేనంది. ఏడాది ఖర్చు 1,050 శాతం పెంచాలని చూశారంటూ అమెరికా ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ కోర్టుకు చెప్పింది. తర్వాత రాజీ పడ్డారు. కొన్న ఇల్లు అద్దె ఇల్లయి, ఓనరు మారి, అద్దె పదింతలైతే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. సామాను సర్దుకుని పోదామంటే వేల సర్వర్లాయె.

పోయి తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో విండోస్ వదిలి లినక్స్‌కు మారాలని తీర్మానించింది. వద్దని బతిమాలడానికి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ స్వయంగా ఆ ఊరు వెళ్లాడు. వాళ్లు వినలేదు. దాదాపు పదిహేను వేల కంప్యూటర్లు మార్చడానికి పదేళ్లు పట్టింది. తీరా 2017లో మళ్లీ విండోస్‌కే పోవాలని నిర్ణయించారు. బయటి కార్యాలయాలు పంపే ఫైళ్లు సరిగా తెరుచుకోవడం లేదని ఉద్యోగుల ఫిర్యాదు. 2020లో కొత్త పాలకవర్గం వచ్చి సాధ్యమైనంతవరకు ఓపెన్ సోర్సే వాడదామంది. సాఫ్ట్‌వేరు మంచిచెడ్డల కన్నా కుర్చీలో ఎవరున్నారన్నదే అక్కడ ఎక్కువ పనిచేసినట్టుంది.

మళ్లీ రెడ్‌హ్యాట్ దగ్గరికే వద్దాం. దాని చందా కట్టడం ఇష్టంలేనివాళ్లకు చాలాకాలం సెంట్‌ఓఎస్ అనే దారి ఉండేది. రెడ్‌హ్యాట్ బయటపెట్టే సోర్సుకోడునే తీసుకుని, పేరూ బొమ్మా తీసేసి ఉచితంగా పంచేవారు. అచ్చం అదే సరుకు, ఫోనొక్కటే ఉండదు. ఆ ప్రాజెక్టును 2014లో రెడ్‌హ్యాట్ తన పంచన చేర్చుకుంది. 2029 దాకా నడుస్తుందనుకున్న సెంట్‌ఓఎస్ 8ని 2021 డిసెంబరుతో ఆపేస్తున్నట్టు 2020 డిసెంబరులో ప్రకటించింది. నమ్మి సర్వర్లు కట్టుకున్నవాళ్లకు మిగిలిన గడువు ఏడాది. కట్టనివాళ్లకు ఎంత గోల పెట్టే హక్కుంటుందో అంతే పెట్టారు.

రోజుల వ్యవధిలోనే సెంట్‌ఓఎస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన గ్రెగరీ కర్ట్‌జర్ 'రాకీ లినక్స్' మొదలుపెట్టాడు. అచ్చం పాత సెంట్‌ఓఎస్ లాంటిదే. ఎవరైనా దింపుకోవచ్చు, ఎన్ని సర్వర్ల మీదైనా వేసుకోవచ్చు, పైసా అక్కర్లేదు. వాడేవాళ్లు త్వరలోనే అడగాల్సిన ప్రశ్న అడిగారు. ఇది ఆగిపోతే ఎవరికి ఫోను చెయ్యాలి? దానికీ ఏర్పాటుంది. సీఐక్యూ అని కర్ట్‌జర్‌దే ఓ కంపెనీ. రాకీ లినక్స్‌కు సపోర్టు అమ్ముతుంది.